గీతకి రెండు వేళ్ళ కింద

వరద వచ్చిన మూడో రోజు కూడా ఆమె పొద్దున్నే ఆరింటికి కట్ట ఎక్కింది. సైరన్ గదికి ఆఫీసువాళ్ళు కొత్త తాళం వేసి, రిజిస్టరు పట్టుకుపోయారు. గదికైతే తాళం వేశారు గానీ చెరువుకి వెయ్యలేరు కదా. ఆమె గది ముందు మెట్టు మీద నిలబడి, అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని, నీళ్ళలో ఉన్న కొలరాయిని చూసింది. నాలుగడుగుల మూడు వేళ్ళు. కొంగున ముడేసి తెచ్చుకున్న పెన్సిలు ముక్కతో పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకుంది. ఎవరడిగారని రాస్తున్నట్టు అని తనకే అనిపించింది. అలవాటుపడ్డ చెయ్యి ఆగలేదు, అంతే.

తొమ్మిదేళ్ళుగా చెరువు నీటిమట్టం చూడటం ఆమె ఉద్యోగం. అందుకని అందరూ ఆమెని మట్టమ్మ అంటారు. అసలు పేరు గుర్తింపు కార్డులో భద్రంగా ఉంది, ఎవరూ వాడక కొత్తగానే ఉంది. పని చెప్పుకోడానికి తేలిక. కొలరాయి మీద కింది నుంచి పైకి ఒకటి మొదలు తొమ్మిది దాకా అడుగుల అంకెలు. అడుక్కీ అడుక్కీ మధ్య పదహారు సన్నగీతలు, గీతకో వేలు లెక్క. తొమ్మిది దగ్గర చుట్టూతా ఎర్రగీత. నీళ్ళు ఆ ఎర్రగీతని తాకితే సైరన్ మోగించాలి, కట్ట కింద వీధివాళ్ళు గబగబా ఎగువకి వచ్చెయ్యాలి. "ముందుగా మోగించరాదు" అని సైరన్ గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఒక ఏడు ఆమె భయపడి, నీళ్ళు గీతకి బెత్తెడు దూరంలో ఉండగానే మోగించేసింది. జనం పరిగెత్తారు, నీళ్ళు రాలేదు, ఒకాయన కాలు విరిగింది, ఆమెకి మెమో వచ్చింది. ఆ అక్షరాలు గోడ మీదకి ఎక్కింది అప్పుడే. రాసింది ఆమె మొగుడే. ఆయన పెయింటరు.

మొన్న మధ్యాహ్నం మూడున్నరకి ఆమె చెయ్యి స్విచ్చి మీదే ఉంది. నీళ్ళు గీతకి రెండు వేళ్ళ కింద ఉన్నాయి. ఆ రెండు వేళ్ళ జాగాని రెప్ప వెయ్యకుండా చూస్తూ కూచుంది. అది ఇంకా తడవనే లేదు, కట్ట మలుపు దగ్గర నీళ్ళు కట్టని దాటి కింద వీధిలోకి దిగిపోయాయి. అరుపులు విని స్విచ్చి నొక్కింది. అప్పటికే వీధిలో మొలలోతు నీళ్ళు. ఒక ప్రాణం పోయింది. పోయింది ఆమె వదిన, మొగుడికి స్వయానా అక్క. వీధి మొదట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే మనిషి. బయటికి వచ్చిందట, జనం బట్టలు తడిసిపోతాయని మళ్ళీ లోపలికి వెళ్ళిందట.

కట్ట దిగి ఇంటికి వస్తుంటే వీధివాళ్ళు వాకిళ్ళలో బురద ఎత్తిపోస్తున్నారు. మామూలు బురద కాదు, తెల్లటి బురద. చెరువుకి ఎగువన రాళ్ళు కోసే మిల్లులున్నాయి, వాటి పొడి కలిసిన నీళ్ళు అలాగే ఉంటాయి. అది ఆరితే గోడకి సున్నం వేసినట్టు పట్టుకుంటుంది. ఆమెని చూసి పారలు ఆగాయి. దాటి పది అడుగులు వేశాక వెనకనించి ఒక ఆడగొంతు, "దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయట" అంది. ఆ సామెత పూర్తిగా విని, నడక మార్చకుండా ఇంటికి వచ్చింది. ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. మూడు రోజులుగా ఆమెకి ఏదీ రావడం లేదు, ఆకలీ నిద్రా కూడా.

ముందుగదిలో మొగుడు పాతదుప్పటి పరిచి వదిన మిషను విప్పుకు కూచున్నాడు. బురదలోంచి దాన్ని ఆయనే ఎత్తుకొచ్చాడు. ఒక్కో మరా విప్పి, కిరసనాయిల్లో ముంచి, పాతబ్రష్షుతో తోమి, వరసగా పేరుస్తున్నాడు. బ్రష్షు ఏ పనికి పట్టుకున్నా ఆయన అంతే. ఏ సందులోనూ మడ్డి మిగలకూడదు. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టింది. ఆయన తల ఎత్తలేదు.

"నీళ్ళు గీతకి తగిలాయా?" అన్నాడు. మూడు రోజుల్లో ఆయన ఆమెతో అన్న మొదటి మాట అదే.

"తగల్లేదు. రెండు వేళ్ళు తక్కువ."

ఆయన సూది గుచ్చే కడ్డీని వెలుతురుకి ఎత్తి చూశాడు. "చూస్తూనే ఉన్నావా?"

"చూస్తూనే ఉన్నాను."

ఆయన ఇంకేమీ అడగలేదు. అడగకపోవడంలోనే ఆ సంగతి ఉంది. పదహారేళ్ళు కాపురం చేసిన మనిషి నమ్మాడో లేదో ఆమాత్రం తెలుస్తుంది. టీ చల్లారిపోయి మీద పొర కట్టింది. సాయంత్రం ఆమే తీసి పారబోసింది.

*

మర్నాడు ఆఫీసుకి పిలిచారు. అదొక పొడుగాటి పాతభవనం. మధ్యలో వరండా, వరండాకి అటొక గది, ఇటొక గది. అటువైపు తలుపు మీద "విపత్తుల విభాగం" అని రాసి ఉంది. ఆ గది ముందు రెండు జీపులు, లోపల మూడు ఫోన్లు, గోడకి పెద్ద మ్యాపు. ఇటువైపు "పర్యావరణ విభాగం". ఆ గదిలో సీసాలు పేర్చిన బీరువా ఒకటి, తిరగని ఫ్యాను ఒకటి. రెండు బోర్డులూ ఆమె మొగుడు రాసినవే.

విపత్తుల అధికారి మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, మంచినీళ్ళు తెప్పించాడు, పోయినామె ఆమెకి ఏమవుతుందో అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత రిజిస్టరు తెరిచి ఆమె చేతిరాత మీద వేలు పెట్టాడు. రెండుంబావుకి ఎనిమిది అడుగులకి రెండు వేళ్ళు తక్కువ. మూడున్నరకి తొమ్మిదికి రెండు వేళ్ళు తక్కువ. ఇవి మీరు రాసినవేనా అన్నాడు. ఆమె అవునంది. కట్ట ఎత్తు ఎంతో తెలుసా అన్నాడు. పదడుగులని తెలుసు.

"మరి పది దాటితే గానీ నీళ్ళు కట్ట దాటవు కదమ్మా. మీరేమో తొమ్మిది కూడా తగల్లేదంటున్నారు. ఒకటో తరగతి పిల్లాడు కూడా ఒప్పుకోడు."

ఆమెకి ఆ లెక్క నాలుగు రోజులుగా తిరుగుతూనే ఉంది. ఎక్కడా తెగడం లేదు. కళ్ళతో చూసింది నిజం, కట్ట దాటిందీ నిజం. "రాయి మీద మరక ఉంది సార్. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో తెల్లగా అంటుకుని ఉంది. ఒకసారి వచ్చి చూడండి" అంది.

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కాసేపటికి, వేరే గొంతుతో, ఇంట్లోమనిషికి చెప్పినట్టు చెప్పాడు. "ఆ మరక దగ్గరికి నేను రాననుకోండి. ఎందుకో చెప్తాను. ఏ రోజు, ఏ గంటకి వచ్చిపడిందో చెప్పగలిగితే అది విపత్తు. అది నా గది. నెలలూ ఏళ్ళూ పట్టి మెల్లగా వచ్చేది పర్యావరణ ముప్పు. అది ఎదురుగది. విపత్తుకి సాయం ఉంటుంది, ముప్పుకి పరిశీలన ఉంటుంది. ఇప్పుడు నా ఫైల్లో కుండపోత వాన ఉంది, మీ ఆలస్యం ఉంది. దీనిమీద ఆ వీధి మొత్తానికి ఎగువన ఇళ్ళస్థలాలు రాయిస్తాను, నెల తిరక్కుండా. రాయిలోనో కట్టలోనో చెరువులోనో తేడా ఉందని తేలిందా, ఫైలు వరండా దాటుతుంది. దాటిన ఫైలు నేను ఇంతవరకూ తిరిగి చూడలేదు."

ఎల్లుండి వచ్చి, పొరపాటున సైరన్ ఆలస్యమైందని సంతకం పెడితే చాలన్నాడు. ఉద్యోగం పోనివ్వనని, వేరేచోట వేయిస్తానని మాట ఇచ్చాడు. అడకత్తెరలో పోకచెక్కకి ఇంతకన్నా మర్యాదగా చెప్పేవాళ్ళు ఉండరు. ఆమె దణ్ణం పెట్టి బయటికి వచ్చింది.

వరండాలో సీసాలమ్మాయి నేలమీద కూచుని సీసాలకి చీటీలు అంటిస్తోంది. పర్యావరణ గదిలో పనిచేసే పిల్ల. నెలకోసారి చెరువుకి వచ్చి, సీసాల్లో నీళ్ళు పట్టుకుని, ఒక పొడుగాటి ఇనపకడ్డీతో అడుగు పొడిచి చూసుకుని వెళ్తుంటుంది. ఆమె ఏం పొడుస్తుందో మట్టమ్మ ఎప్పుడూ అడగలేదు, ఈమె రాయి మీద ఏం చూస్తుందో ఆ పిల్లా అడగలేదు. ఎవరి రిజిస్టరు వాళ్ళది.

"అక్కా, రేపు పొద్దున కట్ట మీద ఉంటారా? వరద తర్వాత మేట ఎంత పెరిగిందో చూడాలి. ఒక్కదాన్నే దిగాలంటే భయంగా ఉంది" అంది సీసాలమ్మాయి.

ఉంటానంది. ఉండకుండా ఎక్కడికి పోతుంది?

*

తూములు బార్లా తెరిచి ఉంచడంతో మర్నాటికి కొలరాయి దగ్గర మోకాలిలోతు నీళ్ళే మిగిలాయి. సీసాలమ్మాయి చెప్పులు గట్టున విడిచి, కడ్డీ భుజాన వేసుకుని దిగింది. మట్టమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వెనకే నడిచింది. కాళ్ళ కింద నేల మెత్తగా దిగబడుతోంది. సరిగ్గా రాయి పక్కన ఆ పిల్ల కడ్డీ నిలబెట్టి రెండు చేతులతో నొక్కింది. కడ్డీ దిగింది. ఇంకా దిగింది. ఆఖరికి ఎక్కడో రాయి తగిలి టక్కుమంది.

"ఇరవై రెండు వేళ్ళు" అని నోటుబుక్కులో రాసుకుంది. "పోయిన నెల పద్దెనిమిది ఉండింది. ఈ ఒక్క వరదకే నాలుగు."

"దేనికి ఇరవై రెండు?"

"మేట అక్కా. రాళ్ళ మిల్లుల పొడి. కింద ఈ రాతికి అరుగులాంటి దిమ్మ ఉంది, దాని మీద ఎంత పేరుకుందో కొలుస్తాను. ఈ రాయి పాతినప్పుడు దిమ్మ బయటికే కనిపించేదట. ఏడాదికి రెండు వేళ్ళ చొప్పున పెరుగుతూ వస్తోంది. తొమ్మిదేళ్ళ లెక్కలూ మా బీరువాలో ఉన్నాయి."

"మరి ఎదురుగదికి చెప్పలేదా?"

ఆ పిల్ల నవ్వింది. నవ్వే విషయం కాదని తెలిసి ఆపుకుంది. "వాళ్ళు వచ్చిపడినదాన్ని చూస్తారు, మేం వస్తున్నదాన్ని చూస్తాం. మా కాగితాలు మా పైవాళ్ళకి పోతాయి, వాళ్ళవి వాళ్ళ పైవాళ్ళకి. ఈ రెండు వేళ్ళ మన్ను వాళ్ళకి ఎందుకక్కా, వాళ్ళకి కావలసింది నీళ్ళు."

మట్టమ్మ వినడం లేదు. నీళ్ళ కింద తన పాదాలు ఎక్కడ ఆనుతున్నాయో చూసుకుంటోంది. ప్రతి ఎండాకాలం మొగుడు దిగి నిలబడేది ఇక్కడే. ఆర్డరు కాగితంలో ఒకే వాక్యం ఉంటుంది: అడుగునుంచి కొలిచి అంకెలు దిద్దవలెను. ఆయన ముందు రాయిని పైనుంచి కింది దాకా ఉప్పుకాగితంతో గీకేస్తాడు, పాతరంగు పిసరంత కూడా కనపడకుండా. పాతగీత మీదే కొత్తగీత దిద్దేవాడు పెయింటరు కాడు, బద్ధకస్తుడు అంటాడు. తర్వాత కొలకర్రని రాయి అడుగున ఆనించి ఒకటి, రెండు, మూడు అని గుర్తులు పెట్టుకుంటూ పోతాడు. అడుగంటే ఆయనకి కాలికింద ఉన్న నేలే. ఎవరికైనా అంతే. ఆ నేల ఏటా రెండు వేళ్ళు లేచింది. నేలతోపాటు అంకెలు లేచాయి, అంకెలతోపాటు ఎర్రగీత లేచింది. ఏటికి రెండు వేళ్ళంటే ఏ కంటికీ ఆనదు.

తొమ్మిది రెళ్ళు పద్దెనిమిది. కట్టకి అడుగు కింద ఉండాల్సిన గీత కట్టకి రెండు వేళ్ళ పైన ఉంది. అంటే నీళ్ళు కట్ట దాటాకే గీత దగ్గరికి వస్తాయి. లెక్క తెగింది. తెగినందుకు ఊపిరి తేలిక కావాలి, కాలేదు.

సీసాలమ్మాయికి ఏమీ చెప్పలేదు. ఆమె సీసాల సంచి మోసుకొచ్చి గట్టున పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి మొగుడు మిషను మళ్ళీ బిగించేశాడు. నూనె పోసి, చక్రం చేత్తో తిప్పుతూ చెవి దగ్గర పెట్టి వింటున్నాడు. తిరుగుతోంది. "అక్క ఉంటే ఇప్పుడు కొత్తమిషనులా ఉందనేది" అన్నాడు, ఆమెతో కాదు, మిషనుతో. ఆ చేతుల్ని చూస్తూ ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. నిజం ఆమె నాలుక చివర ఉంది. అది బయటికి వస్తే ఆమె మీద పడ్డ మచ్చ పోతుంది. పోయి ఎక్కడికో వెళ్ళదు, ఈ చేతుల మీద పడుతుంది. తన పనితనమే తన అక్కని ముంచిందని ఆయనకి తెలుస్తుంది. వీధివాళ్ళ స్థలాలు వరండాలో ఆగిపోతాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారు, కానీ పంచిపెట్టాల్సి వచ్చినప్పుడు ఎవరి పిడికిట్లో ఎంత పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. అందుకని అంతా తన పిడికిట్లోనే ఉంచుకుందామనుకుంది. కాళ్ళు కడుక్కుని అన్నం వండింది.

*

సంతకం పెట్టడానికి నిమిషం కూడా పట్టలేదు. అధికారి కాగితం చదివి వినిపించాడు. "నా పొరపాటు వల్ల" అన్నచోట కొంచెం గొంతు తగ్గించాడు, అంతమాత్రం మంచితనం ఉంది. ఆమె రాసింది. మట్టమ్మ అని రాయబోయి, ఆగి, కార్డులో పేరు రాసింది. తలెత్తకుండా వరండా దాటింది. మొత్తానికి అయిపోయిందనుకుంది. నెలకల్లా వీధి ఎగువకి పోతుంది, తను ఇంకో ఊరి చెరువు దగ్గర ఇంకో రాయిని చూస్తుంది, ఇంట్లో మాటలు మెల్లమెల్లగా వస్తాయి, రాకపోయినా అలవాటవుతుంది.

కట్ట మీదుగా ఇంటికి వస్తూ, చూడకూడదనుకుంటూనే కొలరాయి వైపు చూసింది. దాని కింద మొగుడు ఉన్నాడు.

పంచె ఎగదోపుకుని పిక్కల్లోతు నీళ్ళలో నిలబడి ఉప్పుకాగితంతో రాయిని గీకుతున్నాడు. గట్టున ఎర్రరంగు డబ్బా, నల్లరంగు డబ్బా, కొలకర్ర. పెద్ద అధికారులు చూడటానికి వస్తున్నారని, వరదకి మురికిపట్టిన రాయిని ఈరోజే శుభ్రంగా దిద్దమని ఆఫీసునుంచి పొద్దున్నే కబురు వచ్చిందట. ఇంట్లో కూచోలేక వచ్చేశాడట. అది ఆయన తర్వాత చెప్పాడు. ఆమె గట్టు దిగేసరికి ఆయన కింద ఆరు అంకెలూ గీకేసి, నిచ్చెన ఆనించి పైకి ఎక్కుతున్నాడు. ఎర్రగీత కిందికి వచ్చి చెయ్యి ఆగింది.

తెల్లటి మరక. రాయి చుట్టూ, దారం కట్టినట్టు. గీతకి రెండు వేళ్ళ కింద.

ఆయన ఉప్పుకాగితాన్ని జేబులో పెట్టుకుని, రెండు వేళ్ళు కలిపి ఆ మరకకీ గీతకీ మధ్య ఆనించి చూశాడు. సరిగ్గా సరిపోయాయి. కిందికి చూడకుండానే, "నువ్వు చెప్పింది నిజమే" అన్నాడు.

ఆమె నీళ్ళ అంచున ఆగింది.

ఆయన నిచ్చెన దిగాడు. ఎటూ తోచని మనిషి తెలిసిన పనిలోనే తలదూరుస్తాడు. గట్టున ఉన్న కొలకర్ర తీసుకుని, వంగి, రాయి అడుగున నీళ్ళలోకి దించి నేల మీద ఆనించాడు. చెవి వెనకనించి పెన్సిలు తీశాడు. ఒకటి అని గుర్తు పెట్టబోతున్నాడు. ఇరవై రెండు వేళ్ళ మన్ను మీద నిలబడ్డ ఒకటి. పొద్దున తను పెట్టిన సంతకం ఏం చేస్తుందో ఆమెకి అప్పుడు కనబడింది. ఎర్రగీత ఇంకో నాలుగు వేళ్ళు పైకి పోతుంది. స్విచ్చి మీద ఇంకెవరిదో చెయ్యి ఉంటుంది. స్థలాలు వచ్చేలోగా ఇంకో వాన రాదని ఏ గదిలోనూ ఎవరూ రాసి ఇవ్వలేదు.

చెప్పులతోనే నీళ్ళలోకి దిగింది.

"అక్కడ కాదయ్యా" అంది. "కర్రని నొక్కు."

ఆయన అర్థంకాక చూశాడు.

"నొక్కు. గట్టిగా."

నొక్కాడు. కర్ర జానెడు దిగింది. ఆయన మొహం చూడలేక ఆమె కర్రనే చూస్తోంది. ఇంకా నొక్కాడు. రెండు చేతులూ పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. కింద ఎక్కడో రాతిదిమ్మ తగిలింది. కర్ర మీద నీటిగీత ఎంత పైకి జరిగిందో చూశాడు. వేళ్ళతో లెక్కపెట్టాడు. పనివాడికి రెండోసారి చెప్పాల్సిన పని లేదు. పెన్సిలు నీళ్ళలో పడి తేలుతూ ఆమె మోకాలి దగ్గరికి వచ్చింది.

"ఎప్పటినించి?" అన్నాడు.

"మొదటినించీ. ఏటా రెండు వేళ్ళు. ఎదురుగదిలో ఆ పిల్ల దగ్గర లెక్కలన్నీ ఉన్నాయి."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

గట్టు మీద ఎవరో సైకిల్ తోసుకుంటూ పోయారు. ఆయన నిచ్చెన మెట్టు మీద కూలబడ్డాడు, పాదాలు నీళ్ళలోనే ఉన్నాయి. ఆమె పెన్సిలు తీసి కొంగుతో తుడిచి పట్టుకుని నిలబడింది. పొద్దున సంతకం పెట్టిన సంగతి చెప్పింది. ఇప్పుడు నోరు తెరిస్తే ఫైలు ఎదురుగదికి పోతుందని, వీధి స్థలాలు ఆగిపోతాయని కూడా చెప్పింది. ఆయన తలూపాడు. విన్నాడో లేదో తెలియలేదు. ఆ తర్వాత లేచి, ఆమె చేతిలోంచి పెన్సిలు తీసుకుని, కర్రని దిమ్మమీదే ఉంచి, మన్నూ నీళ్ళూ కప్పేసిన ఒకటీ రెండూ వదిలి, మూడు, నాలుగు అని గుర్తులు పెట్టుకుంటూ నిచ్చెన ఎక్కాడు. మరక ఉన్నచోట మాత్రం గీకలేదు. తొమ్మిది వచ్చింది. అక్కడ పెన్సిలుతో గీత గీసి, కిందికి దిగి, రెండడుగులు వెనక్కి వచ్చి చూశాడు.

ఆ గీతకి సరిగ్గా అడుగు పైన ఉంది మరక.

"ఇక్కణ్ణుంచి అక్కడికి నీళ్ళు ఎక్కడానికి ఎంతసేపు పట్టింది?"

రిజిస్టరు ఆఫీసులో ఉంది. ఆమెకి అక్కర్లేదు. రెండుంబావు, మూడున్నర.

"గంటంబావు" అంది.

ఆయన కళ్ళు ఆ రెండు గీతల మధ్యే ఉన్నాయి.

"అక్క మిషను కూడా తెచ్చుకునేది" అన్నాడు.

అప్పుడు ఆమెకి ఏడుపు వచ్చింది. ఆరు రోజులుగా ఎక్కడుందో అది, చప్పుడు లేకుండా వచ్చింది. ఆయన ఆమె వైపు తిరగలేదు, ఓదార్చలేదు. తడిచేతులు పంచెకి తుడుచుకున్నాడు.

"రేపు పొద్దున్నే నేనూ వస్తాను ఆఫీసుకి. ఆ పిల్లని కూడా రమ్మను, లెక్కలు పట్టుకుని" అన్నాడు.

"ఏ గదికి?"

"రెంటికీ. ముందు ఇది దిద్దాలి." చెయ్యి చాపాడు. "ఆ ఎర్రడబ్బా ఇలా అందుకో."

ఆమె గట్టెక్కి, మూత తీసి, మీద కట్టిన పొరని పుల్లతో తీసేసి, డబ్బా అందించింది.